మొగిలి ఘాట్‌లో ఎడమకు లాగిన అంబాసిడర్: ముందు బ్రేకులు, వీల్ బేరింగుల మార్పిడి

బండి 1972 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ కింద ఉంటుంది. నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూట్ (ఆయిల్ దారి), కాలి బలాన్ని పెంచే సర్వో లేదు. టైర్లు 5.90-15. చిత్తూరు, పలమనేరు మధ్య నెలకు రెండు మూడు సార్లు అయిదుగురితో తిరుగుతుంది.

వచ్చిన ఫిర్యాదు ఇది: పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. కిందికి చేరేసరికి పెడల్ రాయిలా ఉంటోంది కానీ బండి ఆగడం లేదు. మామిడి సీజన్‌లో కాయల లారీల వెనక పాక్కుంటూ దిగాల్సి వస్తే ఇంకా ఘోరం. ఓనర్ అడిగింది ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయమని మాత్రమే. బేరింగుల ఊసు ఆయన ఎత్తలేదు.

ఘాట్‌లో బ్రేకు పోయిందని ఎవరొచ్చినా ముందు అడగాల్సింది పెడల్ సంగతి. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే ఆయిల్ మరిగి లైన్లో ఆవిరి చేరినట్టు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనింగు వేడెక్కి పట్టు వదిలేసినట్టు. ఇక్కడ రెండోదే జరిగింది. ముందు డ్రమ్ముల్లో రెండు షూలూ (లైనింగు అంటించిన వంపు ముక్కలు) లీడింగ్ షూలే. తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది కాబట్టి సర్వో లేకపోయినా చల్లగా ఉన్నప్పుడు బాగా పడతాయి. ఇబ్బంది కూడా ఆ లాక్కోవడంలోనే ఉంది. వేడికి లైనింగు ఘర్షణ నాలుగో వంతు తగ్గితే డిస్కు బ్రేకు బలం కూడా నాలుగో వంతే తగ్గుతుంది. ఈ రకం డ్రమ్ములో పడిపోయేది అంతకంటే చాలా ఎక్కువ. పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది.

వేడి ఎంత పుడుతుందో లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. పలమనేరుకూ చిత్తూరుకూ ఎత్తులో తేడా సుమారు 350 మీటర్లు. మనుషులతో కలిపి బండి బరువు 1,500 కిలోలు అనుకుంటే 1,500 × 9.8 × 350, అంటే దాదాపు 51 లక్షల జౌల్స్. పదహారు లీటర్ల నీళ్లను మరిగించే వేడి అది. ఇందులో కొంత గాలికి, కొంత ఇంజనుకు పోతుంది. న్యూట్రల్‌లో దిగేవాడికి మాత్రం ఇంజను వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది.

విప్పితే కనిపించినవి

ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము ఊడదీయగానే ఎయిర్ గన్‌తో దుమ్ము ఊదే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అది మానాలి. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి.

ఎడమ డ్రమ్ము లోపల నీలం మచ్చలు పడ్డాయి, లైనింగు గాజులా నిగనిగలాడుతోంది. కుడి డ్రమ్ములో షూల మీద నల్లటి గ్రీజు పూత. అంటే కుడి బ్రేకు పట్టడం లేదు, ఎడమది రెండింటి పనీ చేసి మాడిపోతోంది. బండి ఎడమకు లాగడానికి కారణం కుడి చక్రంలో ఉంది. లాగే వైపే చెడిందనుకుని ఎడమ షూలు మార్చి పంపేస్తే నెల తిరక్కుండా అదే బండి మళ్లీ వస్తుంది.

కుడి షూల మీదికి గ్రీజు ఎలా వచ్చింది? చక్రం నడిమి హబ్ విప్పగానే తెలిసిపోయింది. ఎవరో లోపల చాసిస్ గ్రీజు కుక్కారు. కాల్షియం సబ్బుతో చేసిన ఆ గ్రీజు 90-100 డిగ్రీల దగ్గరే కరిగి నూనె అవుతుంది. లిథియం గ్రీజైతే 180 దాటాక, లిథియం కాంప్లెక్సైతే 250 దాటాక గానీ జారదు. గ్రీజు కారిపోయాక బేరింగు ఎండి అరిగింది. డయల్ గేజ్ పెట్టి హబ్‌ను ముందుకు వెనక్కు లాగితే ఆట (వదులు) 0.35 మి.మీ. వచ్చింది. అంత ఆటకు హబ్ ఊగుతూ ఆయిల్ సీల్ పెదవిని తినేసింది, మిగిలిన గ్రీజు అటునుంచి షూల మీదికి చేరింది. మొదలు బేరింగులో, బయటపడింది బ్రేకులో.

ఇలాంటి హబ్ మీద డిస్కు వేస్తే ఏమవుతుంది? డ్రమ్ము అయితే ఈ ఊపును కొంత ఓర్చుకుంటుంది. డిస్కుకు, దాన్ని నొక్కే ప్యాడ్‌కు మధ్య ఖాళీ మాత్రం వెంట్రుకవాసి. మలుపులో హబ్ ఊగితే డిస్కు ప్యాడ్‌ను నెట్టి దాని వెనకున్న పిస్టన్‌ను వెనక్కు తోస్తుంది. 50 మి.మీ. పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. 0.3 మి.మీ. వెనక్కు పోతే చక్రానికి 0.59 సీసీ, రెండింటికీ దాదాపు 1.2 సీసీ ఆయిల్ మళ్లీ పంపాలి. 22.2 మి.మీ. మాస్టర్ సిలిండర్లో అది 3 మి.మీ. కదలిక. పెడల్ నిష్పత్తి 5:1 అయితే కాలి కింద 15 మి.మీ. పెడల్ ఊరికే పోయినట్టు. లైన్లోంచి ఎంత ఎయిర్ తీసినా ఈ జాగా తిరిగి రాదు. అందుకని ఈ బండికి బ్రేకులూ బేరింగులూ ఒకే పనిగా రాసుకున్నాం.

ఏం వేశాం, ఏం వద్దనుకున్నాం

తర్వాతి 1800 ఐఎస్‌జెడ్ అంబాసిడర్లకు వచ్చిన ముందు డిస్కు సెట్ తీసుకున్నాం. స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే ఇరుసు), హబ్, డిస్కు, క్యాలిపర్ (పిస్టన్, ప్యాడ్లు ఉండే భాగం), బ్రాకెట్ అన్నీ ఒకే బండివి, రెండు వైపులవీ. పాత స్టబ్ యాక్సిల్‌కే ప్లేటు వెల్డింగు చేసి ఏదో ఒక కారు క్యాలిపర్ బిగించే వాళ్లు ఉన్నారు. బ్రేకు బలమంతా మోసే చోట వెల్డింగు మీద నమ్మకం పెట్టుకోవడం మా మటుకు ఒప్పుకోని పని. ఎడమ సెట్ ఎడమకే, కుడిది కుడికే వేయాలి. ఎయిర్ తీసే బ్లీడ్ నిపుల్ పైకి వచ్చిందంటే క్యాలిపర్ సరైన వైపున ఉన్నట్టు.

మిగతా సామాను: లోపలి, బయటి టేపర్ రోలర్ బేరింగులు కప్పులతో సహా నాలుగు, ఆయిల్ సీళ్లు రెండు, స్ప్లిట్ పిన్నులు, క్యాలిపర్ కిట్లు రెండు, ప్యాడ్ల సెట్ ఒకటి, హోస్ పైపులు మూడు, 4.75 మి.మీ. బండీ ట్యూబు (బ్రేకు లైన్ స్టీలు పైపు) 5 మీటర్లు, ట్రనియన్ (స్టబ్ యాక్సిల్‌ను సస్పెన్షన్‌కు కలిపే కీలు) బుష్ కిట్, మాస్టర్ సిలిండర్ మేజర్ కిట్, రిమోట్ సర్వో, వ్యాక్యూమ్ హోస్, లైన్లో కొద్ది ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వులు రెండు (2 పీఎస్‌ఐ ఒత్తిడిది ఒకటి, 10 పీఎస్‌ఐది ఒకటి), డాట్ 4 బ్రేకు ఆయిల్ లీటరు, లిథియం కాంప్లెక్స్ ఎన్‌ఎల్‌జీఐ 2 (చిక్కదనం గ్రేడు) గ్రీజు పావు కిలో. బేరింగులను బండి పేరు చెప్పి కొనకూడదు. పాత కోను (రోలర్లున్న లోపలి భాగం), కప్పు (బయటి రింగు) అంచుల మీద చెక్కిన నంబరు చదివి, హబ్ బోరు, స్టబ్ షాఫ్టు కొలిచి, రెండూ సరిపోయాకే కొనాలి.

నిజానికి ఈ బండికి రెండు సర్క్యూట్ల ట్యాండెమ్ మాస్టర్ సిలిండరే వేయాలి. ఒక పైపు పగిలినా మిగతా సగం పనిచేస్తుంది. దాన్ని సర్వోతో కలిపి పెట్టాలంటే ఇంజను వెనక గోడ కోయాలి. ఓనర్ వద్దన్నారు, ఆయన కారణం సబబుగానే ఉంది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' సిరీస్ వచ్చాయి. చాసిస్, బాడీ షెల్, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసిన బండికి అది వర్తించదు. కాబట్టి సింగిల్ మాస్టర్ అలాగే ఉంచి, ముందు లైన్లో రిమోట్ సర్వో పెట్టి, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు, వెనక లైనింగులు కొత్తవి వేశాం. ఇది రాజీయే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, వింటేజ్ నంబరు అక్కర్లేనివాళ్లు ట్యాండెమ్‌కే పోవడం మంచిది.

పని

బండిని చాసిస్ కింద స్టాండ్ల మీద నిలబెట్టి, విప్పబోయే వైపు కింది ఆర్మ్ కింద జాకీ పెట్టాలి. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్‌ది. జాకీ లేకుండా స్టబ్ యాక్సిల్ విడదీస్తే ఆర్మ్ ఒక్కసారిగా కిందికి కొడుతుంది, కాలి వేళ్లు పోతాయి. స్టబ్ యాక్సిల్ మార్చేటప్పుడే ట్రనియన్ బుష్‌లు మార్చేయాలి. అక్కడ ఆట మిగిలితే బేరింగు ఎంత బాగా కట్టినా చక్రం ఊగుతూనే ఉంటుంది, చూసేవాడు బేరింగే అనుకుంటాడు. తేడా తెలుసుకోవాలంటే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. బ్రేకు తొక్కితే ఊపు పోయిందంటే బేరింగు, పోలేదంటే ట్రనియన్.

స్టబ్ షాఫ్టు మీద కోను కూర్చునే చోటు మైక్రోమీటర్‌తో కొలవాలి. కోను చేత్తో జారాలి కానీ లొడలొడలాడకూడదు. అక్కడ మెరిసే గీతలుంటే కోను షాఫ్టు మీద తిరిగిందని అర్థం. 0.03 మి.మీ. కంటే ఎక్కువ అరిగితే మేం ఆ స్టబ్‌ను పక్కన పెట్టేస్తాం. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పించే చిట్కా లేత్ షాపుల్లో చెబుతారు. ఆ చుక్కలు వారంలో నలిగిపోతాయి.

హబ్‌లో పాత కప్పులను ఇత్తడి డ్రిఫ్ట్‌తో అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ దింపాలి. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు చెవి పెట్టి వినాలి. కప్పు ఆనేదాకా ఖణేల్‌మని మోగుతుంది, గోడకు ఆనగానే మొద్దు చప్పుడు. అంతటితో ఆపకుండా 0.04 మి.మీ. ఫీలర్ ఆకు కప్పు వెనక దూరుతుందేమో చుట్టూ చూడాలి. ఈ చివరి పని ఎడమ హబ్‌కు సగమే జరిగింది. దాని ఫలితం తర్వాత చెబుతాం.

గ్రీజు అరచేతిలో వేసుకుని, కోను వెడల్పు అంచును దానికి నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలికి గ్రీజు పురుగుల్లా బయటికొచ్చేదాకా నింపాలి. రెండు కప్పుల మధ్య ఖాళీలో మూడో వంతు చాలు. నిండా కుక్కితే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, ఆ వేడికి సీల్ దాటి ప్యాడ్ల మీదికి వస్తుంది. పాత గ్రీజు కిరోసిన్‌తో పూర్తిగా కడిగాకే కొత్తది వేయాలి, రెండు రకాలు కలిస్తే పలచబడిపోవచ్చు. కడిగిన బేరింగును ఎయిర్ గన్‌తో గిర్రున తిప్పడం సరదాగా ఉంటుంది కానీ నూనె లేని రోలర్లకు అంత వేగం విషం. సీల్ స్ప్రింగు ఉన్న పెదవి హబ్ లోపలికి చూడాలి.

బిగింపు: హబ్‌ను చేత్తో తిప్పుతూ నట్టు 25-30 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. రోలర్లు తమ చోట్లలో సర్దుకుంటాయి. తర్వాత పూర్తిగా వదిలి, మళ్లీ వేళ్లతో ఆగేదాకా బిగించాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే దగ్గరి రంధ్రం దాకా వెనక్కే తిప్పాలి, ముందుకు వద్దు. డయల్ గేజ్ మీద ఆట 0.03 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉండాలి. మేం 0.05 దగ్గర పెట్టాం. ఇది టేపర్ రోలర్లకే. మధ్యలో స్పేసర్‌తో బాల్ బేరింగులున్న పాత హబ్‌లలో నట్టును స్పేసర్ మీదికి గట్టిగా బిగించాలి, ఈ పద్ధతి అక్కడ వాడకూడదు.

ఆ తర్వాతే డిస్కు రనౌట్ (తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగడం) చూడాలి. బేరింగు ఆట తేలకుండా రనౌట్ కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. కుడివైపు 0.06 వచ్చింది. ఎడమవైపు 0.14 వచ్చింది, డిస్కు విప్పి హబ్ ముఖం మీది తుప్పును ఎమరీతో తీసి, డిస్కును ఒక బోల్టు రంధ్రం జరిపి బిగిస్తే 0.07కి దిగింది. మా హద్దు 0.10. లేత్‌కు పరిగెత్తే ముందు ఈ జరపడం చేసి చూడాలి.

పైపుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. పాత లైన్ నట్లు 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత) మరలు, కొత్త భాగాల్లో ఎం10 × 1 (మిల్లీమీటర్ల కొలత) మరలు రావచ్చు. మొదటిది 9.5 మి.మీ., రెండోది 10. సన్న నట్టు పెద్ద రంధ్రంలోకి హాయిగా దిగుతుంది, రెండు మూడు చుట్లు పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజు ఊడొస్తుంది. థ్రెడ్ గేజ్ పెట్టి చూడనిదే ఏ నట్టూ బిగించకూడదు.

రెసిడ్యువల్ వాల్వు

డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ చివర, స్ప్రింగు వెనక చిన్న చెక్ వాల్వు ఉంటుంది, రెసిడ్యువల్ వాల్వు అంటే ఇదే. పెడల్ వదిలేశాక కూడా లైన్లో పది పీఎస్‌ఐ దాకా ఒత్తిడి నిలిపి, వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు ముడుచుకోకుండా, గాలి పీల్చకుండా చూస్తుంది. డ్రమ్ముకు అది మంచిదే, షూలను వెనక్కు లాగే స్ప్రింగులు దానికంటే బలంగా ఉంటాయి. డిస్కులో అలాంటి స్ప్రింగు లేదు, పిస్టన్ సీల్ సాగి వెనక్కు ముడుచుకోవడమే ఉన్న ఆధారం. 50 మి.మీ. పిస్టన్ మీద 10 పీఎస్‌ఐ అంటే దాదాపు 14 కిలోల బలంతో ప్యాడ్ డిస్కును ఎప్పుడూ రాసుకుంటూ ఉంటుంది. ఆ వేడి హబ్‌లోకి, అక్కడి నుంచి బేరింగులోకి పాకుతుంది. కొత్త గ్రీజు, కొత్త సీల్ అన్నీ ఉండి మళ్లీ పాత కథ మొదలవుతుంది.

మాస్టర్ నుంచి ఆ వాల్వు తీసేసి ఊరుకుంటే సరిపోదా అంటే, ఈ బండిలో సరిపోదు. మాస్టర్ ఫ్లోర్ కింద ఉంది కాబట్టి క్యాలిపర్ల కంటే కిందే. బండి నిలబడితే ఆయిల్ క్యాలిపర్ల నుంచి వెనక్కు జారుతుంది, పొద్దున్నే మొదటి తొక్కుడు నేలకు పోతుంది. కాబట్టి లోపలి వాల్వు తీసేసి, ముందు లైన్లో 2 పీఎస్‌ఐ, వెనక డ్రమ్ముల లైన్లో 10 పీఎస్‌ఐ వాల్వులు విడివిడిగా పెట్టాం. బాణం గుర్తు చక్రం వైపు చూడాలి.

డిస్కు పట్టేసి తిరగకపోతే కారణం కనుక్కోవడం తేలిక. బ్లీడ్ నిపుల్ కొద్దిగా వదలండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే లైన్లో ఒత్తిడి నిలిచిపోయింది: వాల్వు, మాస్టర్లో పుష్ రాడ్ ఆట లేకపోవడం, లేదా లోపల ఉబ్బిన హోస్ పైపు. ఆయిల్ ఊరికే కారి చక్రం అలాగే బిగిసి ఉంటే పిస్టనో, ప్యాడో తుప్పుతో ఇరుక్కుంది. పుష్ రాడ్‌కు 1-2 మి.మీ. ఖాళీ ఆట వదలాలి, లేకపోతే మాస్టర్లోని సన్న రంధ్రం మూసుకుపోయి ఆయిల్ తిరిగి ట్యాంకులోకి పోదు.

సర్వోకు ఇంజను గాలి పీల్చే ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ నుంచి వ్యాక్యూమ్ ఇచ్చాం. అక్కడ పెట్రోలు పైపు ముక్క వాడితే వ్యాక్యూమ్‌కు అది లోపలికి నలిగి అతుక్కుంటుంది. వ్యాక్యూమ్ హోసే కావాలి. పరీక్ష: ఇంజను ఆపి పెడల్ అయిదుసార్లు తొక్కి, తొక్కి పట్టుకునే ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. ఎయిర్ తీసేటప్పుడు ఇంజను ఆపి ఉంచి, ఎడమ వెనక, కుడి వెనక, సర్వో, ఎడమ ముందు, కుడి ముందు వరసలో తీశాం. ఆయిల్ 600 మి.లీ. పట్టింది. మిగిలింది దాచుకోకూడదు, మూత తీసిన డాట్ 4 గాలిలో తేమ పీలుస్తుంది. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి ప్రమాణం 155కి దిగిపోతుంది. చివరగా చక్రం ఎక్కించి రిమ్‌కు క్యాలిపర్‌కు మధ్య 3 మి.మీ. ఖాళీ ఉందా, బ్యాలెన్సింగ్ తూకాలు తగులుతున్నాయా చూసి, అలైన్‌మెంట్ చేయించాం.

మొదటి ట్రయల్, తప్పు

సమతల రోడ్డు మీద గంటకు 50 కి.మీ. నుంచి 10 దాకా ఇరవైసార్లు, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లు పదును పెట్టాక ఘాట్‌కు వెళ్లాం. దిగాక డిస్కులు ఎడమ 185, కుడి 180 డిగ్రీలు చూపించాయి. బండి నిటారుగా ఆగింది. కానీ కుడి మలుపు తిరిగిన ప్రతిసారీ తర్వాతి తొక్కుడుకు పెడల్ వేలెడు కిందికి పోయి, రెండో తొక్కుడుకు పైకొస్తోంది.

కుడి మలుపులో బరువు పడేది ఎడమ చక్రం మీద. గేజ్ పెడితే ఎడమ హబ్ ఆట 0.22 ఉంది, 0.05 దగ్గర కట్టి ఎనభై కిలోమీటర్లే అయింది. విప్పి చూస్తే బయటి కప్పు వెనక గోడ మీద పాత పంచ్ దెబ్బకు లేచిన చిన్న బర్ర (లోహపు మొన). కప్పు ఆ బర్ర మీద కూర్చుంది, ఫీలర్ ఆకు మూడు చోట్ల పెట్టి చూసి నాలుగో చోటు వదిలేశాం. చప్పుడు మొద్దుగానే వచ్చింది. ఘాట్‌లో బరువుకు బర్ర నలిగి కప్పు లోపలికి జరిగింది, ఆ మేరకు ఆట పెరిగింది. స్క్రేపర్‌తో బర్ర తీసి, కప్పు మళ్లీ ఎక్కించి, ఫీలర్ ఆకు చుట్టూ తిప్పి, 0.05కే కట్టాం. రెండో ట్రయల్‌లో మలుపుల తర్వాత కూడా పెడల్ ఒకే చోట పట్టింది.

ఓనర్‌కు రాసిచ్చిన చీటీలో మొదటి మాట: దిగుతూ పెట్రోలు ఆదా అని ఇంజను ఆపొద్దు. సర్వోలో దాచిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరి. ఆ తర్వాత డిస్కు బ్రేకు పాత డ్రమ్ము కంటే గట్టి కాలు అడుగుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి. ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చాలి, మార్చిన తేదీ మాస్టర్ సిలిండర్ మూత పక్కన రాసి పెట్టాం.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత బండి మళ్లీ స్టాండ్ ఎక్కింది. ఆట ఎడమ 0.06, కుడి 0.05. సీళ్ల దగ్గర పొడి. కుడి వెనక హోస్ యూనియన్ దగ్గర తడి కనిపించింది, రాగి వాషర్ మార్చాం.